బొటనవేలికీ మణికట్టుకూ తగాదా

పిల్లలు దొంగాట ఆడుతూంటే వాళ్ళలో ఒకడి తమ్ముడు, ఐదేళ్ళవాడు, "నేనూ ఆడతా!" అని ఏడుస్తాడు. వాడు అందరితోబాటు పరిగెత్తలేడు. అయినా వాణ్ణి పొమ్మనటానికి ఎవరికీ మనసు రాదు. "సరే, వీడు ఆటలో అరటిపండు," అంటారు. అంటే వాడు దొరికినా దొంగ కాడన్నమాట. వాడు సంతోషంగా అటూ ఇటూ పరిగెత్తుతాడు, ఆట సాగిపోతుంది.

కాని ఆ తమ్ముడు ఎల్లకాలమూ ఐదేళ్ళవాడుగా ఉండడు గదా! ఎనిమిదేళ్ళు వచ్చేసరికి, "నేను అరటిపండును కాను, నిజంగానే ఆడతాను," అంటాడు. అప్పుడు అన్నలు వాణ్ణి పరుగుపందెంలో పది అడుగులు ముందు నిలబడనిస్తారు. వాడు ఓడిపోతే, "పది అడుగులు చాలలేదు," అంటాడు. గెలిస్తే అన్నలు, "పది అడుగులు ఎక్కువయాయి," అంటారు. ఇక తగాదా మొదలు.

సరిగా ఇటువంటి తగాదాయే వీడియో ఆటలు ఆడేవాళ్ళ మధ్య అమెరికాలోనూ, యూరపులోనూ, ఇంకా అనేక దేశాలలోనూ దాదాపు పాతికేళ్ళుగా నడుస్తున్నది.

ఈ తగాదాలో రెండు పక్షాలున్నాయి. ఒక పక్షంవారు బల్ల మీద పెట్టుకునే మామూలు కంప్యూటరుతో ఆడతారు. దాన్ని పి.సి. అంటారు. వీళ్ళకు కుడిచేతి కింద మౌస్, ఎడమచేతి కింద కీబోర్డు ఉంటాయి. రెండో పక్షంవారు కన్సోలుతో ఆడతారు. కన్సోలు అంటే ఆటల కోసమే తయారుచేసిన కంప్యూటరు పెట్టె. దాన్ని టెలివిజనుకు తగిలిస్తారు. ఆడేవాడు ఒక కంట్రోలరును రెండు చేతులతోనూ పట్టుకుంటాడు. దాని మీద రెండు పొట్టి మీటలు నిలబడి ఉంటాయి. వాటిని బొటనవేళ్ళతో ఎటు కావాలంటే అటు వంచవచ్చు.

"బొటనవేలితో గురి చూడటమేమిటి!" అని పి.సి. వాళ్ళు నవ్వుతారు. "బల్ల ముందు గుమాస్తాల్లాగా కూర్చుని ఆడటమేమిటి!" అని కన్సోలు వాళ్ళు తిరిగి నవ్వుతారు.

ఈ పోట్లాట ముదిరేది షూటర్ ఆటల దగ్గర. ఈ ఆటల్లో తెర మధ్య ఒక గురిచుక్క ఉంటుంది. ఆడేవాడు దాన్ని శత్రువు మీదికి తెచ్చి మీట నొక్కాలి. ఎవరి చుక్క ముందు చేరితే వాళ్ళదే గెలుపు. అంచేత చేతిలో ఉన్న పరికరం ఎటువంటిదన్నది ఇక్కడ చాలా ముఖ్యం. ఇటువంటి ఆటల్లో బాగా పేరుపడినది "హేలో". ఈ తగాదా అంతా ఆ ఒక్క ఆట చరిత్రలోనే కనిపిస్తుంది.

పెద్దలకు ఒక మాట ముందే చెప్పాలి. 2001లో వచ్చిన మొదటి హేలో 17 ఏళ్ళు వచ్చినవారికని అమెరికాలో నిర్ణయించారు. అంచేత మనం ఇక్కడ ఆ ఆట ఆడటం నేర్చుకోబోవటం లేదు. పోట్లాడుకునే ఇద్దరిలో ఎవరి మాటలో ఎంత నిజమున్నదో మటుకు తేల్చుకుందాం.

చెక్కపెట్టె

గురి ఆటలు ఎంత పాతవో ఈ తగాదా కూడా అంత పాతది. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ విద్యాలయంలో పి.డి.పి.-1 అనే కంప్యూటరు ఉండేది. అది బీరువాలంతేసి పెట్టెలతో ఉండేది. స్టీవ్ రసెల్ అనే యువకుడూ, అతని మిత్రులూ కలిసి ఆ యంత్రం మీద "స్పేస్ వార్" అనే ఆట తయారుచేశారు. గుండ్రటి తెర మీద రెండు రాకెట్లు ఒకదాన్నొకటి వెంటాడుతూ కాల్చుకుంటాయి. తెర మధ్య ఒక నక్షత్రం ఉండి రెంటినీ తనకేసి లాగుతూ ఉంటుంది.

ఆట బాగానే ఉన్నది గాని, ఆడటానికి వేరే పరికరమేదీ లేదు. కంప్యూటరు ముందు భాగాన ఉన్న స్విచ్చులనే పైకీ కిందికీ తిప్పాలి. కాసేపటికి మోచేతులు నొప్పిపెట్టేవి. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. యంత్రం ముందు ఇద్దరికి చాలినంత చోటు లేదు. ఒకడు తెరకు పక్కగా ఉండిపోయేవాడు. వాడికి తెర సరిగా కనిపించేది కాదు. అంచేత ఓడినవాడు, "నేను నీకు ఓడలేదు, నా చోటుకు ఓడాను," అనటానికి వీలుండేది.

వాళ్ళలో ఆలన్ కోటక్, బాబ్ సాండర్స్ అనేవాళ్ళు ఆ విద్యాలయంలో ఉండే బొమ్మరైళ్ళ సంఘంలో సభ్యులు. స్విచ్చులూ తీగలూ వాళ్ళకు కొత్త కాదు. వాళ్ళు దొరికిన సామాన్లతో చిన్న చెక్కపెట్టెలు చేసి, వాటికి మీటలు అమర్చి, తీగలతో కంప్యూటరుకు తగిలించారు. ఇక ఆటగాళ్ళిద్దరూ తెరకు ఎదురుగా, చెరొక పెట్టె పట్టుకుని, సమానంగా కూర్చోవచ్చు. నేటి కంట్రోలర్లకు తాత అనదగినది ఆ చెక్కపెట్టే.

ఎలుక పుట్టుక

ఇక మౌస్ సంగతి. డగ్లస్ ఎంగెల్బర్ట్ అనే ఇంజనీరు కాలిఫోర్నియాలో ఒక పరిశోధనశాలలో పనిచేసేవాడు. కంప్యూటరు తెర మీద కావలసిన చోటును చప్పున చూపటానికి మంచి సాధనమేదీ లేదే అని ఆయన ఆలోచించాడు. ఆయన ఊహను బట్టి బిల్ ఇంగ్లిష్ అనే సహచరుడు 1964లో ఒక పరికరం తయారుచేశాడు. అది ఒక చెక్క దిమ్మ. దాని కింద రెండు చక్రాలు. ఒకటి నిలువు కదలికను కొలిస్తే రెండోది అడ్డ కదలికను కొలిచేది. పైన ఒకే ఒక మీట. వెనక తోకలాగా తీగ వేళ్ళాడుతూ ఉండటం చేత దానికి ఎలుక అనే పేరు వచ్చింది. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్బర్ట్ దాన్ని పెద్ద సభలో అందరికీ చూపించాడు.

ఇప్పటి మౌసులకు చక్రాలు లేవు. వాటి పొట్టకింద ఒక చిన్న దీపమూ, ఒక చిన్న కెమెరా ఉంటాయి. ఆ కెమెరా బల్ల ఉపరితలాన్ని సెకనుకు వేలకొద్దీ బొమ్మలు తీస్తుంది. ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ ఉన్న తేడాను బట్టి మౌస్ ఎటు, ఎంత జరిగిందో లెక్క కడుతుంది.

కంట్రోలరు మీది మీట ఇంకో రకం. పాత రేడియోలో శబ్దం పెంచే బొత్తాం మీరు చూసి ఉంటారు. దాన్ని తిప్పినకొద్దీ లోపల విద్యుత్తు మారుతూ ఉంటుంది. చాలా కంట్రోలర్లలో మీట కింద అటువంటివే రెండు ఉంటాయి. ఒకటి నిలువుకు, ఒకటి అడ్డానికి. 1996లో వచ్చిన నింటెండో 64 అనే కన్సోలుకు బొటనవేలితో వంచే మీట ఒకటి ఉండేది. 1997లో సోనీ కంపెనీ తన ప్లేస్టేషనుకు రెండు మీటలున్న కంట్రోలరును తెచ్చింది. ఒక మీట నడవటానికి, రెండోది చూపు తిప్పటానికి పనికివచ్చాయి.

చెంబూ, కుళాయీ

ఈ రెండు పరికరాలకూ అసలు తేడా ఎక్కడున్నదో తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. ఒక గ్లాసు మీద సగానికి గీత గీయండి. చెంబుతో నీళ్ళు ఆ గీతదాకా పొయ్యండి. ఇది సులువే. ఇప్పుడు ఆ గ్లాసును కుళాయి కింద పెట్టి, నీరు సరిగా గీత దగ్గిర ఆగేటట్టు చెయ్యండి. కుళాయి కొంచెం తిప్పితే నీరు నెమ్మదిగా ఎక్కుతుంది గాని ఆలస్యమవుతుంది. బాగా తిప్పితే నీరు చప్పున ఎక్కుతుంది గాని, కట్టేలోపల గీత దాటుతుంది. (పరీక్ష అయాక ఆ నీళ్ళు పారబొయ్యకండి, మొక్కలకు పొయ్యండి.)

మౌస్ చెంబు లాంటిది. చెయ్యి అంగుళం జరిగితే చుక్క దానికి తగినంత జరుగుతుంది. చెయ్యి ఆగితే చుక్క ఆగుతుంది. కంట్రోలరు మీట కుళాయి లాంటిది. దాన్ని వంచినప్పుడు మీరు చుక్కకు చోటు చూపించటం లేదు, వేగాన్ని ఇస్తున్నారు. కొంచెం వంచితే మెల్లిగా, బాగా వంచితే వేగంగా చూపు తిరుగుతుంది. చుక్క శత్రువు మీద ఆగాలంటే సరి అయిన క్షణంలో మీటను నడిమికి రానివ్వాలి. క్షణం ఆలస్యమైతే చుక్క దాటిపోతుంది.

ఇంకో తేడా కూడా ఉన్నది. మౌసును పట్టినవాడికి వేళ్ళూ, మణికట్టూ, మోచెయ్యీ అన్నీ సాయం చేస్తాయి. పెద్ద మలుపుకు చెయ్యి మొత్తం కదుపుతాడు, చిన్న సవరింపుకు వేళ్ళు చాలు. కంట్రోలరు పట్టినవాడికి ఉన్నది ఒక్క బొటనవేలే. ఆ మీట వంగే దూరం కూడా బహు కొద్ది.

ఫిట్స్ చెప్పిన సూత్రం

ఇది వట్టి ఊహ కాదు. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష చేశాడు. రెండు లోహపు పలకలు కొంత ఎడంగా పెట్టి, ఒక పుల్లతో వాటిని ఒకదాని తరువాత ఒకటి తాకమన్నాడు. పలకల వెడల్పూ, వాటి మధ్య ఎడమూ మారుస్తూ కాలం లెక్క చూశాడు. పలక ఎంత దూరంగా ఉంటే అంత ఆలస్యం, ఎంత సన్నగా ఉంటే అంత ఆలస్యం. ఈ ఆలస్యం ఎంతో ముందే చెప్పగల సూత్రాన్ని ఆయన కనిపెట్టాడు.

ఈ పరీక్ష మీరూ చెయ్యవచ్చు. కాగితం మీద జానెడు ఎడంగా రూపాయి బిళ్ళంతేసి సున్నాలు రెండు చుట్టండి. పెన్సిలుతో అటొక చుక్క, ఇటొక చుక్క చొప్పున పది సెకన్లపాటు పెట్టండి. అమ్మనో నాన్ననో గడియారం చూడమనండి. సున్నాలో పడిన చుక్కలనే లెక్కపెట్టండి. తరువాత అంతే ఎడంలో గ్లాసు మూతంతేసి సున్నాలు చుట్టి మళ్ళీ చెయ్యండి. చుక్కల సంఖ్య పెరగటం మీరే చూస్తారు. సున్నా పెద్దదైతే మీ చెయ్యి వేగం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి చెయ్యి అదే చెయ్యి! ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, తరువాత దీనితో పని పడుతుంది.

మౌసుకూ మీటకూ కూడా శాస్త్రజ్ఞులు ఒకసారి పందెం పెట్టారు. 1978లో స్టువర్ట్ కార్డ్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ తెర మీది మాటలను చూపటానికి నాలుగు పద్ధతులను పోల్చారు. వాటిలో మౌసూ, వేగాన్ని ఇచ్చే రకం మీటా ఉన్నాయి. మిగిలిన రెండూ కీబోర్డు మీటల పద్ధతులు. మౌస్ అన్నిటికన్నా త్వరగా చేరింది, తప్పులు కూడా అన్నిటికన్నా తక్కువ చేసింది. ఆ పరీక్ష జరిపిన ముగ్గురిలో మొదటి మౌస్ చేసిన బిల్ ఇంగ్లిష్ కూడా ఒకడు.

అయితే పి.సి. వాళ్ళే గెలిచారా? తొందరపడకండి. వాళ్ళ కుడిచెయ్యి గెలిచింది, ఎడమచెయ్యి గెలవలేదు. కీబోర్డు మీట నొక్కితే నొక్కినట్టు, లేకపోతే లేనట్టు. నాలుగు మీటలతో ఎనిమిది దిక్కులకు మాత్రమే నడవవచ్చు. కంట్రోలరు ఎడమ మీటతో ఏ దిక్కుకైనా, మెల్లిగా అయినా, వేగంగా అయినా నడవవచ్చు. గురిలో ఒకరిది పైచెయ్యి, నడకలో ఇంకొకరిది పైచెయ్యి. కాని షూటర్ ఆటలో గురికి విలువ ఎక్కువ.

మౌస్ గురికి ఎంత ప్రతిష్ఠ వచ్చిందో చెప్పటానికి ఒక ఉదాహరణ చాలు. 1996లో "క్వేక్" అనే పి.సి. ఆట వచ్చింది. దాన్ని చేసినవాళ్ళలో ముఖ్యుడు జాన్ కార్మాక్. 1997లో ఆ ఆటకు పెద్ద పోటీ జరిగితే, కార్మాక్ తన సొంత ఫెరారీ కారునే బహుమానంగా పెట్టాడు. దాన్ని డెన్నిస్ ఫాంగ్ అనే కుర్రవాడు గెలుచుకున్నాడు. అతను ఎడమచేతిని కీబోర్డు మీదా, కుడిచేతిని మౌస్ మీదా ఉంచి ఆడే పద్ధతిని చూసి ఎంతోమంది అలాగే ఆడసాగారు.

చూపింది ఒకరికి, పెట్టింది ఒకరికి

ఇప్పుడు హేలో కథకు వద్దాం. దాన్ని తయారుచేసినది చికాగోలో ప్రారంభమైన బంజీ అనే చిన్న కంపెనీ. 1999 జులైలో న్యూయార్కులో జరిగిన సభలో ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ ఆ ఆటను మొదటిసారి జనానికి చూపించాడు. అది కంప్యూటర్ల మీద ఆడే ఆట అనే అందరూ అనుకున్నారు. కాని 2000 జూనులో మైక్రోసాఫ్టు కంపెనీ బంజీని కొనేసింది. అప్పటికి మైక్రోసాఫ్టు ఎక్స్ బాక్స్ అనే కొత్త కన్సోలును తయారుచేస్తున్నది. 2001 నవంబరు 15న ఎక్స్ బాక్సూ, హేలో ఒకే రోజున బజారులోకి వచ్చాయి. పి.సి. వాళ్ళకు ఆ ఆట అందినది 2003 సెప్టెంబరులో.

అరిసెలు తనకు చూపించి పక్కవాడి విస్తట్లో వడ్డిస్తే ఎవరికైనా కోపం రాదా? పి.సి. వాళ్ళకు అటువంటి కోపమే వచ్చింది. వాళ్ళ కోపంలో కొంత న్యాయం లేకపోలేదు. కాని కన్సోలు వాళ్ళ సంగతి కూడా చూడాలి. ఎక్స్ బాక్సు ఖరీదు 299 డాలర్లు. కొత్త ఆటలు ఆడగల మంచి కంప్యూటరుకు అంతకన్నా చాలా ఎక్కువ డబ్బు పెట్టాలి. ఎంతోమంది పిల్లలకు తల్లిదండ్రులు కొనిపెట్టగలిగినది ఒక్క కన్సోలే.

అయితే బొటనవేలి గురి మందమని ముందే తెలుసు గదా, బంజీవారు ఆ చిక్కును ఎలా దాటారు? ఇక్కడే మీరు కాగితం మీద చేసిన పరీక్ష పనికివస్తుంది. చెయ్యి వేగం పెంచటం ఎవరి తరమూ కాదు. కాని సున్నాను పెద్దది చెయ్యవచ్చు! గురిచుక్క శత్రువు మీదికి రాగానే మీట వేగాన్ని ఆటే తగ్గించేది. చుక్క బురదలో పడినట్టు కొంచెం నిదానించేది. శత్రువు కదిలితే చుక్క కూడా కొద్దిగా అతని వెంట జరిగేది. చుక్క కాస్త పక్కన ఉన్నా తూటా కొంచెం వంగి తగిలేది. కంటికి శత్రువు మామూలుగానే ఉంటాడు. కాని బొటనవేలికి మటుకు పెద్ద గుమ్మడికాయంత అవుతాడు. దీన్ని గురి సాయం అందాం.

ఇటువంటి సాయం అంతకు ముందు లేదని కాదు. 1997లో నింటెండో 64 మీద వచ్చిన "గోల్డెన్ ఐ" అనే ఆట కూడా ఆటగాడి గురిని సవరించేది. ఆ ఆట 80 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. కాని హేలోలో ఈ సాయం ఎంత నేర్పుగా అమర్చారంటే, ఆడేవాళ్ళలో చాలామందికి అది ఉన్నట్టే తెలిసేది కాదు. తమ గురి బాగా కుదిరిందనే అనుకునేవాళ్ళు. 2005 చివరికి ఆ ఆట 50 లక్షల ప్రతులు అమ్ముడైంది.

సంగతి తెలిసిన పి.సి. వాళ్ళు, "మీ చెయ్యి పట్టుకుని ఆటే దిద్దిస్తున్నది. మీరు ఆటలో అరటిపండ్లు!" అన్నారు. "మేమంతా అదే సాయంతో ఆడుతున్నాం, మాలో మాకు సమానమే. మీకేం బాధ?" అని కన్సోలు వాళ్ళు జవాబు చెప్పారు. నిజానికి ఇద్దరి మాటా సరి అయినదే. ఇద్దరూ వేరువేరు వీధుల్లో ఆడుకుంటున్నంతకాలం దెబ్బలాటకు కారణమే లేదు.

అయినా దెబ్బలాట ఆగలేదు. 2008లో ఒక విమర్శకుడు పి.సి. వాళ్ళ గర్వాన్ని వెక్కిరిస్తూ, వాళ్ళకు "ఏలే జాతి" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. తమాషా ఏమంటే, పి.సి. వాళ్ళలో చాలామంది ఆ వెక్కిరింతనే బిరుదుగా తగిలించుకున్నారు! మనిషి తాను ఎన్నుకున్న వస్తువును ఎవరైనా తక్కువ చేస్తే తననే తక్కువ చేసినట్టు బాధపడతాడు. ఉన్నది ఒక్కటే అయితే మరీను. యంత్రాన్ని గురించిన వాదం మనిషిని గురించిన వాదంగా మారేది ఇక్కడే.

ఒకే వీధిలోకి వచ్చాక

క్రమంగా రెండు వీధులూ కలవసాగాయి. 2007లో మైక్రోసాఫ్టు "షాడోరన్" అనే ఆటలో కన్సోలు వాళ్ళనూ పి.సి. వాళ్ళనూ ఒకే బరిలో దించి చూసింది. 2018 సెప్టెంబరులో సోనీ కంపెనీ కూడా తన ప్లేస్టేషనులో "ఫోర్ట్‌నైట్" ఆడేవాళ్ళను ఇతర కన్సోళ్ళవారితో కలవనివ్వటానికి ఒప్పుకున్నది. 2014లో హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్టుకు అధిపతి అయాడు. ఆయన హయాములో ఆ కంపెనీ తన ఆటలను ఎక్స్ బాక్సుకూ పి.సి.కీ కూడా విడుదల చెయ్యసాగింది.

2021 నవంబరు 15న, మొదటి హేలో వచ్చి సరిగా ఇరవై ఏళ్ళయిన రోజున, "హేలో ఇన్ఫినిట్" పోటీ ఆట రెండు పక్షాలకూ ఒకేసారి అందింది. ఖరీదు లేదు. ఎవరైనా ఎవరితోనైనా తలపడవచ్చు. పి.సి. ఉన్నవాళ్ళు కావాలంటే దానికి కంట్రోలరు తగిలించుకోవచ్చు. ఇరవై ఏళ్ళ తగాదా ఇక తేలిపోతుందని అందరూ చూశారు.

అప్పుడొక వింత జరిగింది. "బొటనవేలు మాకు సాటి రాదు," అన్న పి.సి. వాళ్ళే ఇప్పుడు, "బొటనవేలికి సాయం మరీ ఎక్కువయింది, మేము నెగ్గలేకుండా ఉన్నాం," అని ఫిర్యాదు చేశారు! పెద్ద పోటీలలో మౌస్ వాడటానికి అనుమతి ఉండికూడా, ముందు వరసలో ఉన్న ఆటగాళ్ళలో చాలామంది కంట్రోలరుతోనే ఆడారు. వాళ్ళు వట్టి అరటిపండ్లు కారు. ఏళ్ళ తరబడి అభ్యాసం చేసి బొటనవేలిని తీర్చిదిద్దుకున్నవాళ్ళు. అటువంటి వేలికి యంత్రం సాయం కూడా తోడయితే మణికట్టుకు కష్టమే మరి.

తమ్ముడి పది అడుగుల కథ జ్ఞాపకం ఉన్నదా? ఇది అదే. తమ్ముడు ఎనిమిదేళ్ళవాడుగా ఉన్నప్పుడు సరిపోయిన పది అడుగులు, వాడికి పదేళ్ళు వచ్చి రోజూ పరిగెత్తటం సాధన చేసినాక కూడా సరిపోతాయా? సాయం చెయ్యటం తప్పు కాదు. ఎంత సాయమన్నదే ప్రశ్న. ఆ "ఎంత" అనేది మాటలతో తేలదు, లెక్కతో తేలాలి. ఆట తయారుచేసేవాళ్ళకు ఆ లెక్క చూసే అవకాశం ఉన్నది. ఎవరు ఏ పరికరంతో ఎన్నిసార్లు కాల్చారో, ఎన్ని తగిలాయో యంత్రానికి తెలుస్తుంది. దాన్ని బట్టి సాయాన్ని చిటికెడు పెంచవచ్చు, చిటికెడు తగ్గించవచ్చు.

హేలో ఇన్ఫినిట్ వారు ఇంకొక ఉపాయం కూడా చేశారు. ఒంటరిగానో జంటగానో పందెం ఆటకు వచ్చేవాళ్ళను, "మౌసువాళ్ళతోనే ఆడతారా? కంట్రోలరువాళ్ళతోనే ఆడతారా? ఎవరితోనైనా సరేనా?" అని అడిగి ఎంచుకోనిచ్చారు. ఇందులో ఒక తెలివి ఉన్నది. వాళ్ళు, "నీ ఇంట్లో ఏ పెట్టె ఉన్నది?" అని అడగలేదు. "నీ చేతిలో ఏమున్నది?" అని అడిగారు. తగాదా పెట్టెల మధ్య కాదనీ, చేతుల మధ్య అనీ ఇరవై ఏళ్ళకు తేలిందన్నమాట.

మరొక పెట్టె

చేతుల మాట వచ్చింది గనక ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మౌసు కావాలంటే మణికట్టు సరిగా తిరగాలి. కంట్రోలరు కావాలంటే రెండు బొటనవేళ్ళూ సరిగా వంగాలి. ఈ రెండూ లేనివాళ్ళు కూడా లోకంలో ఉన్నారు. ప్రమాదంలో చెయ్యి పోయినవాళ్ళూ, జబ్బు చేత వేళ్ళు స్వాధీనంలో లేనివాళ్ళూ ఉన్నారు. బొటనవేలు గొప్పదా, మణికట్టు గొప్పదా అని రెండు పక్షాలూ కేకలు వేసుకుంటూంటే, వాళ్ళు ఏ పక్షాన నిలబడాలి?

2018లో మైక్రోసాఫ్టు వాళ్ళ కోసం ఒక కంట్రోలరును అమ్మకానికి పెట్టింది. అది బల్లపరుపుగా ఉండే ఒక పెట్టె. పైన అరచేతితోనో, మోచేతితోనో, పాదంతోనో నొక్కదగిన పెద్ద గుండ్రటి మీటలు రెండున్నాయి. వెనక భాగాన వరసగా 19 రంధ్రాలున్నాయి. ఎవరి శరీరానికి అనువైన స్విచ్చును వాళ్ళు తెచ్చి వాటిలో తగిలించుకోవచ్చు. ఒకరు మోకాలితో నొక్కుతారు, ఒకరు గడ్డంతో నొక్కుతారు. అది ఎక్స్ బాక్సుకూ పనికివస్తుంది, పి.సి.కీ పనికివస్తుంది.

1962లో ఇద్దరు విద్యార్థులు చెక్కపెట్టెలు చేసినది కూడా ఇందుకే గదా! పక్కన కూర్చున్నవాడు తన చోటు వల్ల ఓడిపోరాదని వాళ్ళు అనుకున్నారు. ఆట అన్నాక ఒకడు గెలుస్తాడు, ఒకడు ఓడుతాడు. కాని ఓడినవాడు, "నువ్వు నాకన్నా బాగా ఆడావు," అని మనస్ఫూర్తిగా అనగలగాలి. అలా అనగలిగినప్పుడే గెలిచినవాడి గెలుపుకు విలువ.

ఈసారి మీ ఇంట్లోనో, వీధిలోనో, "నాది గొప్ప, నీది గొప్ప" అన్న తగాదా వస్తే, అది మౌసును గురించి కావచ్చు, క్రికెట్ బ్యాటును గురించి కావచ్చు, సైకిలును గురించి కావచ్చు, ఒక పని చెయ్యండి. వస్తువులు ఒకరివి ఒకరు మార్చుకుని ఒక ఆట ఆడండి. ఎదుటివాడి కష్టం మీ చేతికే తెలుస్తుంది. ఆ తరువాత తమ్ముడికి ఎన్ని అడుగులు ముందు ఇవ్వాలో ఇద్దరూ కలిసి లెక్క పెట్టుకోవచ్చు.